ఎడమవైపు బరువు

ఫోవా ద్వీపం, హాపై, టోంగా
జనవరి 14

ప్రియమైన మనాసేకి,

ఆదివారం ఫోన్లో నువ్వు "అంతా బాగుంది" అన్నావు. నేనూ "అంతా బాగుంది" అన్నాను. నీ గదిలో ఆరుగురు మగవాళ్ళు, నా పక్కన మీ అమ్మ. అలాంటి ఫోన్లో వానల గురించి, చర్చిలో పాడిన పాటల గురించి తప్ప మనం ఇంకేం మాట్లాడుకోగలం? అందుకే ఇకనుంచి అసలు సంగతులు కాగితం మీద రాస్తాను. నువ్వూ అలాగే రాయి.

నువ్వు ఆ ఆస్ట్రేలియా పియర్ పళ్ళ తోటల్లో పనికి వెళ్ళిన నెల రోజుల్లో ఇక్కడ మన పెళ్ళి మీద ఊరంతా తీర్పు చెప్పేసింది. మొన్న ఆదివారం భోజనాల దగ్గర మీ అమ్మ పదిమందీ వినేలా అంది: "నా కొడుకు వెనక తలుపులో పట్టడు, కోడలు ముందు తలుపులో పట్టదు. ఇంతింత ఒళ్ళు వేసుకుని కూర్చుంటే పిల్లలు ఎక్కణ్ణుంచి వస్తారు?"

నేను చేమాకు పొట్లం విప్పుతూనే అడిగాను. "అత్తయ్యా, మీరు అయిదుగురిని కన్నప్పుడు మీ తూకం ఎంత?"

ఆడవాళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. అత్తయ్య తినడం ఆపేసింది. నేను ఆపలేదు.

ఏడేళ్ళుగా ఈ మాటలు వింటున్నాను. నా పరీక్షలన్నీ అయ్యాయి, నాలో ఏ లోపమూ లేదని రాసిచ్చారు. ఇక నీ సంగతి. పోయిన ఏడాది ఓడ మీద వచ్చి రెండు రోజులుండి వెళ్ళిన ఆ డాక్టరు, నువ్వు తలుపు దగ్గర నుంచి కుర్చీ దాకా నడిచి రావడం చూశాడు. అదే నీకు జరిగిన పరీక్ష. "ముప్ఫై కిలోలు తగ్గు, పిల్లలు పుడతారు" అన్నాడు. నీ ఒంటి మీద చెయ్యి కూడా వెయ్యలేదు. నువ్వేమో దేవుడే చెప్పినట్టు తల ఊపి వచ్చావు.

నిన్న మీ అమ్మ సెయినీ పేరు ఎత్తింది. "కెపువేలి పెళ్ళాం సంగతి గుర్తుందిగా" అంది. గుర్తు లేకుండా ఎలా ఉంటుంది? పిల్లలు పుట్టలేదని తన మేనల్లుడి పెళ్ళాన్ని పుట్టింట్లో దింపి వచ్చింది మీ అమ్మే కదా. నేను సెయినీలా తల వంచుకుని బండి ఎక్కే మనిషిని కానని నీకు తెలుసు. మీ అమ్మకు ఇంకా తెలియదు.

సరిగ్గా తిను. ఫోన్లో నీ గొంతు పీలగా వినిపిస్తోంది.

నీ,
లూపే


షెపార్టన్ దగ్గర
ఫిబ్రవరి 2

నా లూపేకి,

నీ ఉత్తరాన్ని స్నానాల గదిలో గడియ పెట్టుకుని చదివాను. అమ్మతో అన్న మాట చదివి నవ్వు ఆపుకోలేకపోతే, బయట నుంచి కెపువేలి "బావా, లోపల ఒక్కడివే ఉన్నావా?" అని అడిగాడు.

నీకు ఒక మంచి కబురు. వచ్చినప్పుడు నూట యాభై ఒక్క కిలోలు ఉన్నాను. ఇప్పుడు నూట ముప్ఫై నాలుగు. ప్యాకింగ్ షెడ్డులో పెట్టెలు తూచే కాటా ఉంది. శనివారం శనివారం అందరూ చుట్టూ చేరి నన్ను దాని మీద ఎక్కిస్తారు. అంకె తగ్గితే చప్పట్లు కొడతారు.

నా పళ్ళేనికి కాపలా కెపువేలి. నువ్వు కోప్పడకు, వాడిది ప్రేమే. నేను రెండో రొట్టె మీద చెయ్యి వేస్తే "బావా, అది నీది కాదు. పుట్టబోయే నీ కొడుకుది. వాడికి దాచు" అంటాడు. ఆ మాట విన్నాక రొట్టె నోట్లోకి పోదు. వాడిని చూస్తే సిగ్గు వేస్తుంది. నిచ్చెన మీద పక్షిలా ఎక్కుతాడు, ఎముకల గూడులా ఉంటాడు, రోజంతా అలసిపోడు. నేను ఎక్కాలంటే నిచ్చెనకు బాగా దిట్టమైన చెట్టు వెతుక్కోవాలి.

ఉదయం ఒక ఆపిల్, మధ్యాహ్నం డబ్బా చేప, రాత్రి నీళ్ళు. సాయంత్రానికి ఎడమ పక్కన కింద కాస్త లాగినట్టు, బరువు కట్టినట్టు ఉంటుంది. నిచ్చెనల వల్లే అయ్యుంటుంది. పడుకుంటే తగ్గిపోతుంది.

అమ్మ మాటలు పట్టించుకోకు. ముప్ఫై కిలోలు పూర్తవనీ. అప్పుడు నోరు మూస్తుంది.

నీ,
మనాసే


ఫోవా
మార్చి 1

మనాసే,

ఈసారి "ప్రియమైన" అని రాయడం లేదు. కారణం చెప్తాను.

నువ్వు మీ అమ్మ ఫోనుకు పంపిన ఫొటో చూశాను. ఆవిడ దాన్ని ఇల్లిల్లూ తిప్పింది. "చూడండి, నా కొడుకు ఎలా తీరు పట్టాడో" అని మురిసిపోయింది. నాకు కనబడింది వేరు. దవడలు లోపలికి పోయాయి. చొక్కా కొయ్యకు తగిలించినట్టుంది. కళ్ళ కింద నలుపు. ఆ మనిషి నేను పెళ్ళాడిన మనిషి కాదు, అతని బట్టలు అప్పు తెచ్చుకుని తొడుక్కున్న ఎవరో.

నీ ఒంట్లో ప్రతి కిలో ఎవరో ప్రేమగా పెట్టిన ముద్ద. నీ చిన్నప్పుడు ఈ అమ్మే కదా, నువ్వు ఇంకో పెండలం ముక్క తింటే గర్వంగా అందరివైపూ చూసింది? ఇప్పుడు అదే ఒళ్ళు నేరమైందా?

తగ్గడం తప్పనడం లేదు. మోకాళ్ళ కోసం తగ్గు, నిద్రలో ఆ గురక కోసం తగ్గు, నాకూ సంతోషమే. కానీ పిల్లల కోసం ఆకలితో మాడుతున్నావు, దానికి ఆధారం ఏమిటి? తలుపు నుంచి కుర్చీ దాకా చూసిన ఒక మనిషి మాట. మన ఊళ్ళో నీకంటే లావుగా ఉన్న వాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టు. ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లలో కూడా లెక్కపెట్టు. తర్వాత నాకు జవాబు రాయి.

నాకు ఇంకో డాక్టరు కావాలి. కళ్ళతో కాదు, చేత్తో చూసే డాక్టరు. పరీక్ష కాగితం కావాలి. సిగ్గు వేస్తుందంటావా? ఏడేళ్ళు నన్ను ఎన్ని బల్లల మీద పడుకోబెట్టారో, ఎంతమంది తొంగి చూశారో నీకు తెలుసు. అప్పుడు నా సిగ్గు ఎవరూ అడగలేదు.

వెళ్ళకపోతే నాకు ఉత్తరం రాయకు.

లూపే


షెపార్టన్ దగ్గర
ఏప్రిల్ 20

నా లూపేకి,

నీ ఉత్తరానికి ఏడు వారాలు జవాబు రాయలేదు. ఆదివారం ఫోన్లలో నీతో అబద్ధాలు చెప్పాను. ఇప్పుడు ఒక్కొక్కటీ విప్పుతాను, కూర్చుని చదువు.

నీ ఉత్తరం అందిన వారానికి నిచ్చెన మీద నుంచి పడ్డాను. కాలు జారి కాదు, కళ్ళు తిరిగి. కింద గడ్డి ఉండబట్టి ఎముకలు విరగలేదు. కళ్ళు తెరిచేసరికి కెపువేలి నా తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాడు. "నేనే చంపేశాను బావా, ఆ రొట్టెలు తిననిచ్చి ఉండాల్సింది" అంటున్నాడు. నన్ను కారులో వేసి టౌన్లో క్లినిక్కుకు తీసుకెళ్ళింది వాడే.

అక్కడి డాక్టరు ఆడమనిషి. పేరు పెట్రా. అరవై ఏళ్ళుంటాయి, పొట్టిగా ఉంటుంది, గొంతు మాత్రం పెద్దది. పడిపోయింది ఎందుకని అడిగింది. ఆపిల్, డబ్బా చేప సంగతి చెప్పాను. ఎందుకు మాడుతున్నావంది. నీ ఉత్తరం జేబులోనే ఉంది లూపే. అది గుర్తొచ్చి నిజం చెప్పేశాను.

ఆవిడ ముందు వీర్య పరీక్ష రాసింది. దాని ఫలితం వచ్చాక మళ్ళీ రమ్మంది. వీర్యకణాలు ఉండాల్సిన దాంట్లో అయిదో వంతే ఉన్నాయట, ఉన్నవాటిలో కూడా చురుకైనవి తక్కువట. "ముప్ఫై ఒక్క కిలోలు తగ్గాను కదా" అన్నాను. "తగ్గావు. అయినా ఇదీ పరిస్థితి. ఇంకేదో ఉంది. లేచి నిలబడు, చూడాలి" అంది.

నా ఇంగ్లీషు నీకు తెలుసు. అందుకని కెపువేలిని తెర అవతల కూర్చోబెట్టారు, మాటలు అటూ ఇటూ చెప్పడానికి. నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. మా అమ్మ వయసు మనిషి చేత్తో పరీక్ష చేస్తూ "ఊపిరి బిగబట్టి కిందికి ముక్కు" అంటే, తెర అవతల నుంచి వాడు "బావా, ముక్కమంటోంది" అని అరుస్తాడు. భూమి చీలితే బాగుండుననిపించింది. ఆవిడ మాత్రం పళ్ళు పండాయో లేదో చూసినంత మామూలుగా చూసింది. తర్వాత జెల్లు రాసి స్కాన్ తీశారు.

ఎడమవైపు వృషణం పైన రక్తనాళాలు ఉబ్బి ఉన్నాయి. కాళ్ళలో నరాలు ఉబ్బుతాయి చూడు, అలా. దాన్ని వెరికోసీల్ అంటారట. పైకి పోవాల్సిన రక్తం అక్కడే నిలిచిపోయి వేడి పెరుగుతుంది. ఆ వేడికి విత్తనం చెడుతుంది. సాయంత్రాల బరువు నిచ్చెనల వల్ల కాదు, దానివల్లే.

"నేను లావు కాబట్టి వచ్చిందా?" అని అడిగించాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. కెపువేలి మామూలుగానే చెప్పుకొస్తున్నాడు. "కాదంటోంది బావా. లావు వల్ల వేరే ఇబ్బందులు ఉంటాయట, హార్మోన్లు తారుమారవుతాయట, కాబట్టి నెమ్మదిగా, తింటూ తగ్గమంటోంది. కానీ ఇది లావువాళ్ళలో తక్కువే కనబడుతుందట. కొంత నిజంగానే తక్కువ కావచ్చు, కొంత కొవ్వు కింద చేతికి దొరక్క కావచ్చు. నీకున్నదాన్ని ఎవరూ వెతకలేదు, ఎందుకంటే నిన్ను చూడగానే అందరికీ జవాబు దొరికినట్టు అనిపించింది అంటోంది. ఇది ఎక్కువగా కనిపించేది ఎవరిలో అంటే..."

అక్కడ ఆగిపోయాడు.

నేను తెర వైపు తిరిగి "ఎవరిలోరా?" అన్నాను.

ఈసారి అరవకుండా అన్నాడు. "సన్నగా, పొడుగ్గా ఉండేవాళ్ళలో."

తిరిగి వచ్చేటప్పుడు కారు వాడే నడిపాడు. తోట గేటు దగ్గర కారు ఆపి, స్టీరింగు వదలకుండా అన్నాడు. "బావా, నాకు పద్దెనిమిదేళ్ళప్పటి నుంచీ ఉంది. ఎడమవైపే. పురుగుల సంచిలా చేతికి తగులుతుంది. అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను."

మర్నాడు ఒక్కడే వెళ్ళాడు. వాడి పరీక్షలో దాదాపు ఏమీ లేవు. ఇదే కారణమని ఒట్టు వేసి చెప్పలేను కానీ ఇంతకంటే పెద్ద అనుమానం ఇంకోటి లేదని డాక్టరు అందట.

నా ఆపరేషన్ మేలో. మా కూలీల బీమావాళ్ళతో ఆవిడే మూడుసార్లు ఫోన్లో పోట్లాడింది. చిన్న కోత, అదే రోజు ఇంటికి. బాగవుతుందని మాట ఇవ్వలేనంది, చాలామందికి మెరుగవుతుందంది.

లూపే, కెపువేలి సంగతి నీకు తప్ప ఎవరికీ తెలియకూడదు. ముఖ్యంగా వాడి మేనత్తకు, అంటే మా అమ్మకు. వాడు నా కాళ్ళు పట్టుకున్నాడు.

రొట్టెలు తింటున్నాను.

నీ,
మనాసే


ఫోవా
మే 5

ప్రియమైన మనాసేకి,

మూడుసార్లు చదివాను. మొదటిసారి నీ కోసం ఏడ్చాను. రెండోసారి తెర అవతల నుంచి కెపువేలి అరుపులు తలచుకుని నవ్వాను. మూడోసారి సెయినీ కోసం చదివాను. అప్పటినుంచి నా ఒళ్ళు మండుతూనే ఉంది.

నువ్వు మర్చిపోయావేమో, నేను చెప్తాను. నాలుగేళ్ళ కిందట మీ అమ్మ పట్టపగలు సెయినీని బండి ఎక్కించి, ఆమె చాపలు, పెట్టె పక్కన పెట్టి, ఊరి మధ్య నుంచి తీసుకెళ్ళింది. కెపువేలి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎవరో అడిగారు, "అబ్బాయిని కూడా చూపించారా?" అని. వాడు చొక్కా ఎత్తి పక్కటెముకలు చూపించి నవ్వాడు. "నన్ను చూడండి. ఎక్కడైనా ఒక్క చుట్టు కొవ్వు ఉందా? లోపం నాలో ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ అక్కడే ఉన్నాను. నేను నవ్వలేదు కానీ మాట్లాడనూ లేదు. అది నా తప్పు.

నీలో లోపం ఒళ్ళు చూసి ఒప్పేసుకున్నారు. వాడిలో లోపం ఒళ్ళు చూసి కొట్టేశారు. ఇద్దరిలో ఉన్నదీ ఒకటే జబ్బు, అదీ ఒకే పక్కన. మధ్యలో ఒక ఆడది నాలుగేళ్ళుగా గొడ్రాలన్న పేరు మోస్తోంది.

రహస్యం అంటావు. ఎవరి రహస్యం? సెయినీ ఒంటి గురించి అబద్ధం ఊరందరి నోట్లో ఉంది. కెపువేలి ఒంటి గురించి నిజం మాత్రం దాచాలా?

నేను చెప్పను. చెప్పాల్సింది వాడు. వాడి చేత రాయించు. సెప్టెంబరులో మీరు దిగాక మెల్లగా చెప్తానంటాడు, నాకు తెలుసు. వద్దు. కొత్త బట్టలు, సామాన్లు, విందులు. ఆ సందట్లో ఈ మాట సముద్రంలో కలిసిపోతుంది. దిగేలోపే రాయాలి. రాయకపోతే నేనే సెయినీ దగ్గరకు వెళ్తాను. నువ్వు కోప్పడు, మీ అమ్మ బయటకు గెంటనీ, వెళ్తాను.

ఆపరేషన్ రోజు ఉపవాసం ఉండమని పాస్టరుగారి భార్య అంది. మన ఇంట్లో ఉపవాసాలు అయిపోయాయని చెప్పాను.

నీ,
లూపే


షెపార్టన్ దగ్గర
జూన్ 3

నా లూపేకి,

కోశారు, కట్టారు, కుట్టారు. తొడ మొదట్లో వేలెడంత గాటు. నేను బాగానే ఉన్నాను, నిజంగానే.

నాలుగు వారాలు బరువులెత్తొద్దన్నారు. మేనేజరు దగ్గరకు కాగితం తీసుకెళ్తే "ఎత్తలేనివాడు నాకెందుకు? తిరిగి పంపించేస్తాను" అన్నాడు. నేను సామాను సర్దుకోవడానికి వెళ్ళాను. తిరిగి వచ్చి చూస్తే, మనవాళ్ళు తొమ్మిదిమందీ చెట్ల కింద కూర్చుని ఉన్నారు. కత్తెరలు పక్కన పెట్టేశారు. కొమ్మలు కత్తిరించాల్సిన రోజు. మేనేజరు ఏమైందని అడిగితే కెపువేలి చెప్పాడు. "మా బావకు షెడ్డులో పళ్ళు ఏరే కుర్చీ పని ఇవ్వండి. ఆ పని ఆడవాళ్ళది అని చెప్పకండి, మా బావ సిగ్గుపడడు. ఇవ్వకపోతే మేమూ మా సామాను సర్దుకుంటాం." భోజనాల వేళకు నాకు కుర్చీ వచ్చింది.

అలాంటి మనిషి వాడు లూపే. అందుకే తర్వాతి సంగతి రాయడం కష్టంగా ఉంది.

నీ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. పక్కటెముకల మాట దగ్గర లేచి వెళ్ళిపోయాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు వచ్చి, "రాయను. నీ పెళ్ళాం ఏం చేసుకుంటుందో చేసుకోమను. ఊళ్ళో నా తలకాయ ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు.

"సెయినీ ఎక్కడ పెట్టుకుంటోంది?" అని అడిగాను.

నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. వెళ్ళిపోయాడు.

కాస్త ఆగు. వాడు చెడ్డవాడు కాదు.

నీ,
మనాసే


ఫోవా
జూన్ 21

ప్రియమైన మనాసేకి,

నీ కోసం చెట్ల కింద కూర్చున్న ఆ తొమ్మిదిమందికీ నా దండాలు. కెపువేలికి రెండు దండాలు. వాడు చెడ్డవాడని నేను అనలేదు. భయస్థుడంటున్నాను. నీ ఉద్యోగం కోసం మేనేజరు ముందు నిలబడగలిగినవాడు, సెయినీ కోసం ఒక కాగితం ముందు కూర్చోలేడా?

సెప్టెంబరు మొదటి వారం దాకా ఆగుతాను. ఆ తర్వాత ఒక్క రోజు కూడా ఆగను.

ఇక్కడ మొగలి ఆకులు కోసి ఎండబెట్టాం. చాపల పని మొదలైంది. మీ అమ్మ, నేను ఒకే చాపకు రెండు కొసల నుంచి అల్లుతున్నాం. మాటల్లేవు. అల్లిక మాత్రం బాగా వస్తోంది.

నీ,
లూపే


షెపార్టన్ దగ్గర
ఆగస్టు 24

నా లూపేకి,

మళ్ళీ పరీక్ష చేయించుకున్నాను. ఉండాల్సిన దాంట్లో సగం దాటింది. ఇంకా పెరగొచ్చని డాక్టరు పెట్రా అంది. పెరగకపోవచ్చు కూడా అంది. ఆవిడ ఎప్పుడూ రెండూ చెప్తుంది, అందుకే నమ్ముతాను. అక్కడే తూచారు, నూట ఇరవై ఎనిమిది కిలోలు. మూడు పూటలా తింటున్నాను. ఇప్పుడు షెడ్డులో కాటా ఎక్కడం మానేశాను. మనవాళ్ళకు శనివారం కాలక్షేపం పోయింది.

కెపువేలికి జులైలో ఆపరేషన్ అయింది. ఆ రోజు నేను తెర అవతల కూర్చున్నాను.

తిరిగి వస్తూ కారులో అడిగాడు, "బావా, సెయినీని బల్లల మీద పడుకోబెట్టినప్పుడు ఆమె పక్కన ఎవరైనా కూర్చున్నారా?" అని. నాకు తెలియదన్నాను. "నేను కూర్చోలేదు" అన్నాడు.

ఆ వారం నుంచీ రాస్తూ చించుతూ ఉన్నాడు. ఈ కవరులో రెండు ఉత్తరాలు పెడుతున్నాను. ఒకటి సెయినీకి. రెండోది అమ్మకు. "అత్తే తీసుకెళ్ళి దింపింది, అత్తకూ నా నోటి నుంచే తెలియాలి" అన్నాడు. అమ్మకు రాసినదాన్ని నువ్వే చదివి వినిపించాలట. కళ్ళజోడు పెట్టుకున్నా ఆవిడకు అక్షరాలు ఆనవని వాడికి తెలుసు.

అమ్మ ఏమంటుందో అని భయంగా ఉంది. నిన్ను ఏమైనా అంటే మీ అన్న ఇంటికి వెళ్ళిపో. నేను అయిదు వారాల్లో దిగుతాను.

నీ,
మనాసే


ఫోవా
సెప్టెంబరు 9

ప్రియమైన మనాసేకి,

నేను మా అన్న ఇంటికి వెళ్ళలేదు. జరిగింది వరసగా చెప్తాను.

ఉత్తరాలు శుక్రవారం వచ్చాయి. అత్తయ్య వరండాలో చాప ముందు కూర్చుని ఉంది. "కెపువేలి మీకు రాశాడు, చదవమన్నాడు" అన్నాను. చదివి వినిపించాను. చిన్న ఉత్తరమే. "అత్తా, సెయినీలో ఏ లోపమూ లేదు. లోపం నాలో ఉంది. నా పద్దెనిమిదో ఏటి నుంచీ ఉంది. ఒళ్ళు సన్నగా ఉందని నేను గర్వపడ్డాను, మీరు నా మాట నమ్మారు. మీతో ఆ పని చేయించినవాణ్ణి నేను. బావకు ఉన్నదీ ఇదే, అతని లావుకూ దీనికీ సంబంధం లేదు." అంతే.

తిడుతుందని సిద్ధంగా ఉన్నాను. జవాబులు కూడా వరసగా పేర్చుకున్నాను. ఆవిడ అల్లుతున్న ఆకు కింద పెట్టింది.  తర్వాత అడిగింది, "కోసినప్పుడు మనాసేకు నొప్పి పుట్టిందా?" అని.

"కొంచెం" అన్నాను.

"నేను వాణ్ణి తినొద్దన్నాను" అంది. 

మర్నాడు పొద్దున లేచేసరికి ఆవిడ నడుముకు ఆ చిరుగుల పెద్ద చాప చుట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చావుకో, క్షమాపణకో తప్ప ఆ చాప పెట్టెలో నుంచి బయటికి రాదని నీకు తెలుసు. "సెయినీ ఉత్తరం తీసుకో. బండి పిలువు" అంది.

వాళ్ళ నాన్న ఇల్లు ద్వీపం ఉత్తరపు కొసన. అత్తయ్య లోపలికి వెళ్ళలేదు. వాకిట్లో, మెట్ల కింద, మట్టిలో కూర్చుంది. తల వంచుకుంది. మీ వంశంలో అందరికంటే పైన కూర్చోవాల్సిన మేనత్త, తన మేనల్లుడి పెళ్ళాం గుమ్మం కింద మట్టిలో కూర్చుంది. నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు. నేనూ పక్కనే కూర్చున్నాను.

సెయినీ బయటకు వచ్చింది. బక్కచిక్కి ఉంటుందని ఎందుకో అనుకున్నాను. లేదు. నిండుగా ఉంది, చేతులకు రంగు మరకలు. గుడ్డల మీద అచ్చులు వేసి అమ్ముకుంటోందట. నేను ఉత్తరం ఇచ్చాను. నిలబడే చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. అందులో ఏముందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. చివర్లో ఒక్క ముక్క మాత్రం పైకి చదివింది, "ఒప్పుకుంటే వచ్చి తీసుకెళ్తాను" అని.

"అత్తా, లేవండి" అంది.

అత్తయ్య లేవలేదు. "నిన్ను నేనే దింపాను. నన్ను క్షమించు. వాడు వచ్చాక ఇంటికి రా."

"క్షమించాను. ఇంటికి మాత్రం రాను."

అత్తయ్య తల ఎత్తింది.

"నాలుగేళ్ళు నా ఒంటి మీద నేనే అనుమానపడ్డాను అత్తా. ఊరు అన్నందుకు కాదు, ఆయన నవ్వినందుకు. అది ఉత్తరంతో పోదు. ఆయనకు మేలు జరగాలి, ఆపరేషన్ మంచిదైంది. నేను ఇక్కడ బాగున్నాను." మళ్ళీ తనే అంది. "మీరు నాకు ఒకటి చెయ్యగలరా?"

"చెప్పు."

"నన్ను అందరూ చూస్తుండగా ఊరి మధ్య నుంచి తీసుకొచ్చారు. ఇప్పుడు నాతో అదే దారిలో నడవండి. ఈ చివర నుంచి ఆ చివరకు. ఎక్కడికని అందరూ అడుగుతారు కదా, ఎందుకో మీరు చెప్పండి. మీ నోటితో."

మనాసే, మీ అమ్మ మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. ఊళ్ళోనూ బండిలోనే పోదామని చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నా చెయ్యి పక్కకు నెట్టింది.

మన ఊరి మొదట్లో బండి దిగాం. ముగ్గురం నడిచాం. మొదటి కంచె దగ్గరే చేపలు ఎండబెడుతున్న ముసలాయన అలవాటుగా అడిగాడు, "ఎక్కడికమ్మా, ఆ చాప చుట్టుకుని? ఎవరు పోయారు?"

అత్తయ్య ఆగింది. నడుముకున్న చాప ముడి బిగించుకుంది. సెయినీ సాయం చెయ్యలేదు, ఎదురుచూసింది.

"ఎవరూ పోలేదు. ఈ పిల్లకు నేను అన్యాయం చేశాను. లోపం ఈమెలో లేదు, మా కెపువేలిలో ఉంది. డాక్టరు చూసి చెప్పింది."

రెండో ఇంటి దగ్గర మళ్ళీ చెప్పింది. మూడో ఇంటి దగ్గర ఆడవాళ్ళు గుంపుగా ఉన్నారు. అక్కడ గొంతు వణికింది. నాలుగో ఇంటి దగ్గరకు వచ్చేసరికి నిలకడగా వచ్చింది. చర్చి ముందు ఎవడో వెకిలిగా, "ఆ కర్రపుల్లలోనా లోపం?" అని నవ్వబోతే, మీ అమ్మ వాడి వైపు తిరిగింది. "కర్రపుల్లల్లోనే ఎక్కువట. నీ సంగతి చూపించుకున్నావా?" అని అడిగింది. వాడూ సన్నగానే ఉంటాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత ప్రతి ఇంటి దగ్గరా ఆవిడే ఇంకో మాట కలిపింది. "మా మనాసేకీ ఇదే ఉంది. లావు వల్ల కాదు. నేను తెలియక వాణ్ణి ఆకలితో మాడ్చాను."

ఊరి చివర రేవు దగ్గర సెయినీ ఆగింది. "చాలత్తా" అంది. అత్తయ్య చెంపకు తన చెంప ఆనించి, నా చెయ్యి ఒకసారి నొక్కి, వెనక్కి తిరిగి అదే దారిలో ఒక్కతే నడిచి వెళ్ళిపోయింది. తల నిటారుగా ఉంది. ఈసారి ఎవరూ ఎక్కడికని అడగలేదు. పక్కకు జరిగి దారి ఇచ్చారు.

మనకు పిల్లలు పుడతారో లేదో నాకు తెలియదు మనాసే. పుడితే పెంచుదాం. పుట్టకపోతే, అది మన ఇద్దరి సంగతి, ఎవరి భోజనాల దగ్గరా మాట కాదు. మీ అమ్మ నిన్ననే ఈ మాట పదిమందిలో అంది. నా నోట్లో నుంచి లాక్కుని అంది.

నెలాఖరున ఓడ దగ్గర మేమిద్దరం ఉంటాం. కెపువేలికి ఒకటి చెప్పు. దొడ్డిదారిన ఇంటికి పోదామని చూడొద్దు. రేవు నుంచి ఊరి మధ్య దారినే నడవాలి. ప్రతి కంచె దగ్గరా అడుగుతారు. సగం జవాబు మేనత్త చెప్పేసింది. మిగతా సగం వాడే చెప్పాలి.

ఎదురుచూస్తూ,
లూపే